నాయన కంప్యూటర్‌లో "5 వైరస్‌లు ఉన్నాయి" అని వస్తాంది, ఏ యాంటీవైరస్ కొనాలి?

ప్రొద్దుటూరు_పిల్లోడు

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు, నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. నాయన టీచర్‌గా రిటైరై పోయిన సంవత్సరం మా దగ్గరికి వచ్చేసినాడు, పొద్దుపోక ఇబ్బంది పడతాంటే నా పాత డెస్క్‌టాప్ ఇచ్చినా. పేపర్లు చదవతాడు, పంచాంగం చూసుకుంటాడు, తిరుమల దర్శనం టికెట్లు బుక్ చేస్తాడు, బ్యాంకు పని కూడా దాంట్లోనే. వారం నుంచి స్క్రీన్‌లో కింద కుడిపక్క మూల నుంచి ఒక డబ్బా టక్కుమని లేస్తాంది, మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి అని. ఇంటూ కొడితే ఇంకోటి లేస్తాంది.

మొన్నైతే స్క్రీనంతా నీలంగా అయిపోయి పైన మైక్రోసాఫ్ట్ పేరు, ఒక ఆడగొంతు అదే పనిగా అరుస్తా ఉండాదంట ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని. నాయన ఆ నంబర్ క్యాలెండర్ మీద రాసుకోని ఫోన్ కలుపుతాంటే అమ్మ "వాడు సాయంత్రం వస్తాడు కదా, రోంత ఆగు" అని ఫోన్ లాక్కునింది.

సిస్టమ్ 2016లో ఇక్కడే కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో అసెంబుల్ చేయించింది, ఆరో జనరేషన్ ఐ3, విండోస్ 10. ఏ యాంటీవైరస్ కొంటే ఈ పీడ పోతుంది? డబ్బులు పెట్టేదానికి రెడీ.

కృష్ణలంక_కిట్టు

బ్రో ముందు ఆ కార్డు జేబులో పెట్టెయ్, ఆ మూల నుంచి లేచేది వైరస్ కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. ఏదో సైటుకెళ్తే "మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి" అని ఉంటది, పెద్దాయన నొక్కుంటారు, అంతే, ఇంక ఆ సైటు మూసేసినా సరే దానిష్టం వచ్చినప్పుడల్లా మీ స్క్రీన్ మీద యాడ్ వేసుకోవచ్చు, పర్మిషన్ మీరే ఇచ్చారు కాబట్టి. యాంటీవైరస్ కంపెనీ బొమ్మ పెట్టడం కూడా అందులో భాగమే, నొక్కితే ఎక్కడికో తీసుకుపోతారు.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ లిస్టులో ఉన్నవన్నీ తీసేసి, అసలు ఏ సైటూ అడక్కుండా పైన ఆప్షన్ మార్చెయ్.

నీలం స్క్రీన్ కూడా వట్టి వెబ్ పేజీయే, ఫుల్ స్క్రీన్ చేసి భయపెడతారు. ఎస్కేప్ గట్టిగా నొక్కి పట్టుకోవాలి, పోకపోతే ఆల్ట్ ఎఫ్4, అదీ పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని చంపెయ్యాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చెయ్యాలా అంటే వద్దనాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల అసలైన ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబర్ ఉండదు, ఈ ఒక్క ముక్క పెద్దాయనకి చెప్పండి చాలు.

ఓరుగల్లు_అక్క

తమ్మీ, మీ అమ్మకు దండం పెట్టు. మా మేనమామ ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లోనే ఉంటడు, గట్లనే ఫోన్ చేసిండు. అవతలోడు మస్తు మర్యాదగ సార్ సార్ అనుకుంట ఒక స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కిచ్చిండు, నల్ల స్క్రీన్‌ల ఏవో తెల్ల అక్షరాలు పరుగెత్తిచ్చి చూడుండ్రి హ్యాకర్లు లోపలున్నరు అన్నడు. 499 రూపాయల ఫీజు అని నెట్ బ్యాంకింగ్ తెరిపిచ్చిండు, ఫోన్‌కు ఓటీపీ వస్తె మామయ్యే చదివి చెప్పిండు, పోయినయ్ 62 వేలు.

గంట లోపల సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినం, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల కంప్లైంట్ కూడ రాసినం. అప్పటికి కొంత పైస ఇంకో అకౌంట్‌కు దాటిపోయింది గని 20 వేల దాక ఆపగలిగిన్రు. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితె అది గూడ రాకపోయేది. ఆ 1930 నంబర్ మానిటర్‌కు అతికియ్యి.

ఇంకోటి చెప్త, ఈ మధ్య కొత్త రకం మోసం నడుస్తున్నది. రోబో కాదని నిరూపించుకోమని చెప్పి విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అంటరు. ఆ పేజీ ముందే ఒక కమాండ్ కాపీ చేసి పెడ్తది, మన చేత్తోనే మనం దొంగను లోపలికి తోల్కొచ్చినట్టు. గట్ల కీబోర్డు నొక్కమని చెప్పే సైటు ఏదున్నా మూసెయ్యమను.

సిల్క్‌బోర్డ్_బాధితుడు

కిట్టు చెప్పింది కరెక్టే కానీ నాకు డౌట్ వేరే చోట ఉంది. 2016, ఎస్పీ రోడ్డు, అసెంబుల్ అన్నారు కదా, విండోస్ డబ్బులిచ్చి కొన్నారా లేక షాపువాడు "అన్నీ వేసేశా సార్" అన్నాడా? క్రాక్ అయితే, అంటే డబ్బు కట్టని దొంగ కాపీ అయితే, ఒక పని చేయండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది చూడండి. అందులో ఉన్నవాటిని విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ చూడదు. దొంగ కాపీని నడిపించే యాక్టివేటర్ పని చేయాలంటే డిఫెండర్ అడ్డుపడకూడదు కాబట్టి కొంతమంది ఏకంగా సి డ్రైవ్ మొత్తాన్ని అందులో పెట్టేస్తారు, అంటే వాచ్‌మన్‌ని గేటు దగ్గర పెట్టి లోపలికి ఎవరొచ్చినా చూడొద్దని చెప్పడం. తర్వాత మీరు పదివేల యాంటీవైరస్ కొన్నా ఆ సిస్టమ్‌ని నేను నమ్మను. ఫార్మాట్ చేసి ఫ్రెష్‌గా వేసుకుంటే డిఫెండరే ఇంటికి సరిపోతుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే. ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కి ఎన్రోల్ అయితే 2026 అక్టోబర్ 13 దాకా నెట్టుకురావచ్చు. అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందిలే అనుకోకండి. 2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని ఆపే అప్‌డేట్ (ప్యాచ్) మార్చిలోనే ఉంది, వేసుకోనోళ్లే మునిగారు, మన ఏపీ పోలీసుల కంప్యూటర్లకి కూడా కొన్నింటికి తగిలింది.

ప్రొద్దుటూరు_పిల్లోడు

అన్నా నువ్వు దేవుడివి. అలౌ లిస్టులో 14 సైట్లు ఉన్నాయి, ఒకటి పంచాంగం, ఒకటి పాత పాటలు, మిగతావాటి పేర్లు నోరు కూడా తిరగవు. అన్నీ తీసేసినా, పొద్దున్నుంచి డబ్బా లేవలేదు. కానీ ఎక్స్‌క్లూజన్స్‌లో చూస్తే నిజంగానే సి డ్రైవ్ ఉండాది, కడుపులో దేవినట్లయింది, తొమ్మిదేండ్లుగా అట్లే ఉన్నట్టుంది. బ్యాంకు పాస్‌వర్డ్ నా ఫోన్ నుంచి మార్చేసినా. ఫార్మాట్ ఖాయం, నాయన ఫొటోలు ఏం చేయాల?

సిల్క్‌బోర్డ్_బాధితుడు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫొటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే కాపీ చేయండి, సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు ఒక్కటి కూడా తేవద్దు. కాపీ అవ్వగానే వైరు పీకి బీరువాలో పెట్టండి, సిస్టమ్‌కి తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ వచ్చిన రోజు అది కూడా లాక్ అవుతుంది. కొత్తగా వేశాక మీ పేరుతో అడ్మిన్, నాన్నగారికి స్టాండర్డ్ అకౌంట్, అప్పుడు ఏది ఇన్‌స్టాల్ కావాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాడేదంతా బ్రౌజరే కాబట్టి లైసెన్స్ ఖర్చు వద్దనుకుంటే విండోస్ బదులు ఉచితంగా వచ్చే లైనక్స్ మింట్ కూడా ఆలోచించండి, మా నాన్న వాడుతున్నారు, ప్రింటర్ దగ్గర మాత్రం నా ప్రాణం తీసింది అది.

కృష్ణలంక_కిట్టు

పనిలో పని వైఫై రూటర్‌కి అడ్మిన్ అడ్మిన్ అనే పాస్‌వర్డే ఉందేమో చూడు బ్రో. హార్డ్ డిస్క్ కోసం ఎస్పీ రోడ్డుకి ఆదివారం మాత్రం వెళ్లకు, చాలా షాపులు మూసుంటాయి.