అప్‌డేట్: లాస్ అలమోస్‌కి మారిపోయాం

హ్యూస్టన్ వదిలి న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ కౌంటీకి వెళ్లొచ్చా, ఇరవై వేల లోపు జనాభాతో బోర్ కొడుతుందా అని కిందటేడు అడిగాను. వచ్చి ఎనిమిది నెలలైంది.

బోర్ సంగతి దేవుడెరుగు, ముందు ఇల్లు దొరకడమే గగనమైంది. 1943లో మొదలైన నేషనల్ ల్యాబొరేటరీయే ఇక్కడ పెద్ద ఉపాధి. ఉద్యోగాలున్నాయి, ఇళ్లు చాలవు. అందుకే చాలామంది శాంటా ఫే, ఎస్పన్యోలా నుంచి రోజూ వచ్చిపోతుంటారు. మేమూ మొదటి మూడు నెలలు అదే పని చేశాం. మాటిచ్చిన ఒక ఇంటి ఓనరు చివర్లో చేతులెత్తేశాడు, ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

ఇల్లు దొరికాక మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ఆఫీసుకి పది నిమిషాలు. కౌంటీ బస్సు ఉచితం, పిల్లాడు ఒక్కడే లైబ్రరీకి వెళ్లొస్తాడు. కరెంటు, నీళ్లు, గ్యాసు కూడా కౌంటీవే. సాయంత్రం నడకకి కొండలు, లోయలు పక్కనే.

ఊరు ఏడు వేల అడుగుల పైన ఉంది కాబట్టి నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకదు! ఇండియన్ సరుకులకి ఆల్బకర్కీ వెళ్లాల్సిందే.

నా ఉద్యోగ వేట ఇంకా నడుస్తోంది.