స్పార్క్ జాబ్‌లో టాస్కులకు పట్టే సమయాన్ని సరిగా కొలవడం ఎలా?

ప్రశ్న
నమస్కారం. పైస్పార్క్‌లో (పెద్ద డేటాను అనేక మెషీన్ల మీద ప్రాసెస్ చేసే స్పార్క్‌ను పైథాన్‌తో వాడే మార్గం) రాసిన మా జాబ్ రెండు పెద్ద టేబుళ్లను జాయిన్ చేసి, ఫలితాన్ని పార్కే (డేటాను కాలమ్‌ల వారీగా దాచే ఫార్మాట్) ఫైళ్లుగా రాస్తుంది. కోడ్‌లో ప్రతి దశకూ ముందు, తర్వాత సమయాన్ని నమోదు చేస్తే, జాయిన్ రెప్పపాటులో ముగిసినట్టు, సమయమంతా ఫైళ్లు రాయడానికే పట్టినట్టు కనిపిస్తోంది. జాయిన్ తర్వాత కౌంట్ (వరుసల లెక్క) పెడితే మొత్తం జాబే ఇంకా ఆలస్యమైంది. సరైన పద్ధతి ఏమిటో దయచేసి వివరించండి.

మొదటి సమాధానం
జాయిన్ అని రాసినంత మాత్రాన స్పార్క్ పని మొదలుపెట్టదు. ప్రణాళికను మాత్రమే సిద్ధం చేసుకుని, రైట్ (ఫైళ్లుగా రాయడం) వంటి యాక్షన్, అంటే ఫలితాన్ని కోరే ఆదేశం, వచ్చినప్పుడు అంతా కలిపి నడుపుతుంది. కౌంట్ కూడా కొలతకు పనికిరాదు. అవసరం లేని కాలమ్‌లను అది చదవకుండా వదిలేయవచ్చు. పైగా ఫలితాన్ని క్యాష్ చేయకపోతే (దాచి ఉంచకపోతే) అదే జాయిన్ రెండుసార్లు నడుస్తుంది. రాసే ఖర్చును వేరు చేసి చూడాలంటే, స్పార్క్ 3.0 వెర్షన్ నుంచి ఉన్న నోఆప్ (అంతా లెక్కించి, ఎక్కడా రాయని) ఫార్మాట్‌కు రాయించండి.

రెండవ సమాధానం
స్పార్క్ జాబ్‌ను స్టేజ్‌లుగా, ఒక్కో స్టేజ్‌ను డేటా ముక్కకొకటి చొప్పున టాస్కులుగా విడగొడుతుంది. టాస్కుల స్థాయి లెక్కలు స్పార్క్ యూఐలోని స్టేజ్ పేజీలో ఉంటాయి. జాబ్ ముగిశాక కూడా అవి కావాలంటే ఈవెంట్ లాగ్‌ను (జాబ్ నడిచిన వివరాల రికార్డును) ముందుగానే ఆన్ చేయాలి, ఎందుకంటే డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. అక్కడి ఎగ్జిక్యూటర్ (టాస్కులను నడిపే ప్రాసెస్) రన్ టైమ్‌లో గార్బేజ్ కలెక్షన్ (వాడకంలో లేని మెమరీని ఖాళీ చేయడం), షఫుల్ డేటా (మెషీన్ల మధ్య మార్చుకునే డేటా) కోసం ఎదురుచూసిన సమయం కూడా కలిసి ఉంటాయి కనుక దాన్ని సీపీయూ టైమ్‌తో పోల్చి చూడండి. మొదటిది మిల్లీసెకన్లలో, రెండవది నానోసెకన్లలో నమోదవుతాయి. పైస్పార్క్ వాడేవారు ముఖ్యంగా గమనించాల్సిన విషయం మరొకటుంది: ఆ సీపీయూ టైమ్ జేవీఎం (స్పార్క్ నడిచే జావా వాతావరణం) థ్రెడ్‌ది మాత్రమే. మీ పైథాన్ యూడీఎఫ్ (మీరు సొంతంగా రాసిన ఫంక్షన్) వేరే ప్రాసెస్‌లో చేసిన పని అందులోకి రాదు కాబట్టి, సీపీయూ తక్కువగా కనబడినంత మాత్రాన టాస్కు ఖాళీగా ఉందని తీర్మానించకండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. జాయిన్ స్టేజ్‌లో టాస్కుల సమయాల మధ్యస్థం 8 సెకన్లు, గరిష్ఠం 11 నిమిషాలు ఉంది. టాస్కుల సమయాలన్నీ కూడితే జాబ్ నడిచిన సమయం కంటే ఎన్నో రెట్లు వస్తోంది.

మూడవ సమాధానం
టాస్కులు అనేక కోర్ల మీద ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఆ మొత్తం వాడిన వనరులకు కొలత అవుతుంది గానీ, మీరు వేచి ఉన్న కాలానికి కాదు. స్టేజ్ ముగింపును నిర్ణయించేది చివరి టాస్కే, అందువల్ల సగటు కంటే గరిష్ఠాన్నే పట్టించుకోండి. ఆ 11 నిమిషాల టాస్కు షఫుల్ రీడ్ పరిమాణం మిగతావాటి కంటే బాగా ఎక్కువగా ఉంటే డేటా కొన్ని కీల (జాయిన్ కాలమ్ విలువల) దగ్గరే పోగుపడి ఉండవచ్చు. అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ (నడుస్తుండగానే ప్రణాళికను సవరించుకునే సౌకర్యం) స్పార్క్ 3.2 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది; అయితే డిఫాల్ట్ సెట్టింగులలో, మధ్యస్థానికి 5 రెట్లను, 256 ఎంబీని రెండింటినీ మించిన పార్టిషన్‌నే (డేటా ముక్కనే) అది విడగొడుతుంది. పరిమాణాలు సమానంగానే ఉంటే, ఆ టాస్కు నడిచిన మెషీన్‌లో గార్బేజ్ కలెక్షన్ సమయాన్ని చూడండి.