ఎఫ్ కార్డ్ కోసం గిటార్ మార్చాలా, ఉన్నదాన్నే సరిచేయించాలా?

కొత్తవేళ్ళు:
ఆరు నెలలుగా స్టీల్ తీగల అకూస్టిక్ మీద కుస్తీ పడుతున్నాను. డ్రెడ్‌నాట్ సైజు (పెద్ద బాడీ), తీగల మందం 12–53 (అంగుళంలో వెయ్యో వంతుల్లో). జి, సి, డి వరకూ పర్వాలేదు. చూపుడువేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి పట్టే ఎఫ్ బ్యారే దగ్గరికొచ్చేసరికి చూపుడువేలి కింద రెండు తీగలు పలకవు, టప్ టప్ మంటాయి. ఫ్రెండ్సేమో చిన్న గిటార్ కొనుక్కోమంటారు. మా సారేమో "వేళ్ళు కాయలు కాస్తే అదే వస్తుంది" అంటారు. ఎవరి మాట వినాలి?

పాతశాడిల్:
ముందు మీ సార్ సంగతి. కాయలు కాసేది వేళ్ళ కొసలు. బ్యారే పట్టేది వేలి పక్క భాగంతో కదండీ, అక్కడ కాయ కాసేదాకా ఎవరాగుతారు!
కొనే ముందు రెండు నిమిషాల పరీక్ష. మొదటి ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డ కమ్మీల మధ్య మొదటి గడిలో) కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, బిగించి, అదే ఎఫ్ షేపు ఒక ఫ్రెట్ జరిపి పట్టండి. హాయిగా పలికిందా, దోషం నట్‌ది, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీది. నట్ గాడులు లోతు చాలకపోతే తీగ మొదటి ఫ్రెట్ దగ్గరే ఎత్తులో నిలబడుతుంది, ఎఫ్ పట్టాల్సిందేమో సరిగ్గా అక్కడే. కొత్త గిటార్లు చాలా వరకు ఇలాగే వస్తాయి. గాడి ఎక్కువ కోస్తే తీగ జరజరమంటుంది, కొన్నవాడు వెనక్కి తెస్తాడు. తక్కువ కోస్తే తన వేళ్ళనే తిట్టుకుంటాడు.

చిన్నబాడీ:
సెటప్, సెటప్ అని ఉన్న గిటార్‌నే సరిచేయించమనేవాళ్ళు స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పలికే పొడవు, ఊసెత్తరు. డ్రెడ్‌నాట్లకు సాధారణంగా 25.4 అంగుళాలు. మార్టిన్ 000 గిటార్లలో చాలావాటికి 24.9. టేలర్ జీఎస్ మినీ అయితే 23.5. అదే తీగ, అదే శ్రుతి, పొడవు తగ్గితే బిగువూ తగ్గుతుంది. పైగా డ్రెడ్‌నాట్ డొక్క మీదుగా చెయ్యి వేస్తే కుడి భుజం చెవి దాకా లేస్తుంది. నట్ అంటే ఆకురాయితో రాస్తారు, బాడీని ఏం పెట్టి రాస్తారు?

పాతశాడిల్:
25.4 నుంచి 24.9కి లెక్క కట్టండి, బిగువులో తగ్గేది 4 శాతం. దానికోసం గిటారా? 12 సెట్ తీసేసి 11 వేస్తే సన్న ఇ తీగ మీదే 16 శాతం దాకా పోతుంది. అదీ వద్దనుకుంటే అర స్వరం దించి శ్రుతి చేసుకోండి, అన్ని తీగలూ 11 శాతం సడలుతాయి.

చిన్నబాడీ:
సౌండ్ కూడా పలచబడుతుంది, అది చెప్పరేం.

నైలాన్‌మనిషి:
నైలాన్ తీగల క్లాసికల్ పట్టి చూశారా? వేళ్ళకు వెన్నలా ఉంటుంది. నట్ వెడల్పు మాత్రం 52 మిల్లీమీటర్లు, స్టీల్ గిటార్లకు 43, 44 ఉంటుంది. బ్యారేకి చెయ్యి చాచాల్సిందే. ఒక్కటి మర్చిపోకండి: క్లాసికల్‌కి స్టీల్ తీగలు ఎక్కించారో, బాడీ మీద తీగలు కట్టే బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది.

కొత్తవేళ్ళు:
కాపోతో ఎఫ్ షేపు పలికింది!! నమ్మలేక మూడుసార్లు చూశాను. రూలర్ పెట్టి 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు కూడా కొలిచాను, లావు తీగ కింద 3.2 మిల్లీమీటర్లు, సన్నదాని కింద 2.4. మెడ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, బిగిస్తే దిగుతుందా?

పాతశాడిల్:
ఆ రాడ్ జోలికి పోకండి. అది మెడ వంపు సరిచేయడానికి, తీగ ఎత్తు దించడానికి కాదు. నేనూ మొదట్లో అలాగే తిప్పాను. మెడ వెనక్కి వంగి మొదటి మూడు ఫ్రెట్లూ తుమ్మెదల్లా ఝుమ్మన్నాయి. బాగుచేసినాయన ఏమీ అనలేదు గానీ, నా మొహం, పానా రెండూ మార్చి మార్చి చూశాడు.
ముందు నట్. తర్వాత మళ్ళీ కొలవండి, 12వ ఫ్రెట్ దగ్గరా కాస్త దిగి ఉంటుంది. మిగతాది శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనుకునే పట్టీ) అడుగున రాయించాలి. లావు తీగకు 2.5, సన్నదానికి 1.8 ఉంటే చాలు. 12వ ఫ్రెట్ తీగకు నట్టనడుమ కాబట్టి అక్కడ అర మిల్లీ దిగాలంటే శాడిల్ ఒక మిల్లీ తగ్గాలి. ఇప్పటికే శాడిల్ బ్రిడ్జ్‌లో మునిగిపోయి, రాయడానికి ఏమీ మిగలకపోతే మాత్రం మెడ కోణమే చెడి ఉంటుంది. అప్పుడు చిన్నబాడీ గారి మాటే వినండి, నేను అడ్డురాను.

కొత్తవేళ్ళు (పది రోజుల తర్వాత):
నట్, శాడిల్ రెండూ చేయించాను, 11 తీగలు వేయించాను. ఎఫ్ వస్తోంది. బి తీగ అప్పుడప్పుడు మూగపోతుంది, అది నా వేలి మడత కింద పడుతోంది, గిటార్‌ని అనడానికి లేదు. కుడి భుజం మాత్రం గంటసేపు వాయిస్తే పట్టేస్తోంది.

చిన్నబాడీ:
నేను చెప్పలా?

పాతశాడిల్:
ఎడమ తొడ మీద పెట్టుకుని, మెడ కాస్త పైకెత్తి ఓ వారం వాయించండి. అప్పటికీ తగ్గకపోతే కొందురుగాని.