అప్‌డేట్: పచ్చళ్ల సీసాలకు బార్‌కోడ్ తీసుకున్నాం

మా ఆవకాయ, గోంగూర పచ్చళ్లు సూపర్‌మార్కెట్‌లో పెట్టాలంటే బార్‌కోడ్ ఎక్కడ తీసుకోవాలని ఇక్కడ అడిగాను కదా, చాలామంది చెప్పినట్టే బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియాలో రిజిస్టర్ చేసుకున్నాం. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే నంబర్ల జోలికి పోలేదు; అవి వేరే కంపెనీ పేరు మీద ఉండే ప్రమాదం ఉంది.

మా నంబర్లు 890తో మొదలవుతాయి. ఒకే ఆవకాయైనా పావుకిలో సీసాకు ఒక నంబరు, అరకిలోకు మరొకటి. ధర బార్‌కోడ్‌లో ఉండదు, షాపు కంప్యూటర్‌లోనే ఉంటుంది.

అసలు టెన్షన్ లేబుల్ దగ్గరే. డిజైనర్ ఎర్ర గీతలు వేద్దామన్నారు. స్కానర్ వెలుగూ ఎరుపే కాబట్టి ఆ గీతలు దానికి కనిపించవు. అందుకే తెలుపు మీద నలుపు వేయించాం. చిన్న సీసా గుండ్రంగా ఉంటుంది కాబట్టి, కొన్ని గీతలు వంపు వెనక్కి పోకుండా, అవి నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేలా కోడ్‌ను తిప్పాం. కౌంటర్‌లో వెంటనే స్కాన్ అయింది, చాలా సంతోషంగా ఉంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.