ఎన్-బాడీ సిమ్యులేషన్: దారాలు రావట్లేదు, అంతా ఒకటే ముద్ద

ఓరుగల్లు పోరడు:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్, హన్మకొండ. ప్రాజెక్టుకు పైథాన్‌లో ఎన్-బాడీ కోడ్ రాశాను, అంటే బోలెడు కణాలు గురుత్వంతో ఒకదాన్నొకటి లాక్కుంటూ ఎట్ల కదులుతాయో లెక్కగట్టేది. 5,000 కణాలను ఒక డబ్బాలో ఎక్కడపడితే అక్కడ చల్లి, న్యూటన్ సూత్రం పెట్టి వదిలేస్తే, రాత్రంతా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మోగింది, పొద్దున చూస్తే నడిమధ్యలో ఒక ముద్ద, చుట్టూ ఎగిరిపోతున్న నాలుగు కణాలు. విశ్వంలో పదార్థం ఎట్ల పరుచుకుందో చూపించే మిలీనియం సిమ్యులేషన్ బొమ్మల్లో కనిపించే దారాలు, ముడులు, ఖాళీలు ఏవీ లేవు. గైడ్ సార్ కణాలు పెంచమంటున్నారు. 8 జీబీ ర్యామ్‌తో ఎన్నని పెంచాలె? వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్:
కణాలు పెంచితే ముద్ద లావెక్కుతుంది తమ్మీ, అంతే. నీ డబ్బా శూన్యంలో ఉంది, దానికో మధ్య ఉంది, అన్నీ అటే పడతాయి. అసలు సిమ్యులేషన్లలో అంచే ఉండదు, కుడివైపు దాటిన కణం ఎడమ నుంచి లోపలికి వస్తుంది, పాత నోకియా ఫోన్లో పాము ఆట లాగ. గురుత్వాన్ని కూడా గట్లనే అంచు దాటించి లెక్కపెట్టాలి. ఇంకోటి, నీ కోడ్‌లో విశ్వం వ్యాకోచించట్లేదు. అది పెడితే వేగాలను తగ్గించే పదం ఒకటి సమీకరణంలోకి వస్తుంది, కూలడం నెమ్మదిస్తుంది. కణాలు ఎగిరిపోయేది మాత్రం వేరే గొడవ, రెండు మరీ దగ్గరికొస్తే బలం విపరీతంగా పెరిగి విసిరేస్తుంది, సాఫ్టెనింగ్ పెట్టు, అంటే మరీ దగ్గర దూరాల్లో బలాన్ని తగ్గించు.

భద్రకాళి కట్ట:
ఇవన్నీ చేసినా దారాలు సరిగ్గా రావు, చల్లే పద్ధతే మార్చాలి. కణాలను ముందు గ్రిడ్ మీద వరుసగా నిలబెట్టి, ఒక్కోదాన్ని కొద్దిగా జరపాలి, పక్కపక్క కణాల జరుగుడు దాదాపు ఒకే తీరుగా ఉండాలి. ఎటు, ఎంత అనేది పవర్ స్పెక్ట్రమ్ నుంచి, అంటే ఏ సైజులో హెచ్చుతగ్గులు ఎంతెంత ఉన్నాయో చెప్పే లెక్క నుంచి తీస్తారు. సోవియట్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ 1970లో చూపించింది ఇదే: ఏ చిన్న ప్రాంతమైనా మూడు దిక్కుల్లో సమానంగా కూలదు. ఎక్కువ లాగుడున్న దిక్కులో ముందు కూలి పలక అవుతుంది, రెండో దిక్కు కూడా కూలితే దారం, మూడోది కూడా అయితే ముడి. గెలాక్సీల పెద్ద గుంపులుండేది ఆ ముడుల దగ్గరే.

ఓరుగల్లు పోరడు:
అన్నా, మనమే ముందు జరిపి పెడితే జవాబు మనమే రాసిపెట్టినట్టు కాదా? వైవాలో కచ్చితంగా ఇదే అడుగుతారు.

భద్రకాళి కట్ట:
ఎంత జరపాలో మనిష్టం కాదు కదా. కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్యంలో, అంటే తొలినాటి విశ్వం నుంచి ఇప్పటికీ వస్తున్న కాంతిలో, వేడి తేడాలు సుమారు లక్షలో ఒక వంతు, లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఏ గుంపు ఎక్కడ పడుతుందనేది ర్యాండమ్, కాబట్టి ఆ బొమ్మలో మన పాలపుంతను వెతకొద్దు. గెలాక్సీలు ఎంతెంత దూరాల్లో ఎంతగా గుంపు కడుతున్నాయో దాన్నే టెలిస్కోపు సర్వేలతో పోలుస్తారు. ఆ పోలికలో ఓడిపోయిన ఊహలూ ఉన్నాయి: 1983లో వైట్, ఫ్రెంక్, డేవిస్ అనే శాస్త్రవేత్తలు, కంటికి కనబడని డార్క్ మ్యాటర్ అంతా న్యూట్రినోలనే అతి తేలికైన కణాలే అనుకుని నడిపిస్తే, గుంపులు కట్టడం అసలు గెలాక్సీల కంటే మరీ ఎక్కువైపోయింది, ఆ ఊహ పక్కకు పోయింది. జవాబు ముందే రాసిపెట్టి ఉంటే ఓడేది కాదు. వైవాలో ఇది చెప్పు.

కాజీపేట జంక్షన్:
ర్యామ్ సరిపోతుంది, తినేది టైమే. 64 క్యూబ్ (64×64×64) అంటే 2.6 లక్షల కణాలు, జతజతగా లెక్కిస్తే ప్రతి స్టెప్పుకూ 3,400 కోట్ల జతలు. అదే మెష్ మీద, అంటే కణాల బరువును గళ్లలోకి పంచి, ఎఫ్‌ఎఫ్‌టీ అనే వేగవంతమైన లెక్కపద్ధతితో గురుత్వం తీస్తే నీ ల్యాప్‌టాప్ కూడా లాగుతుంది. మిలీనియంతో పోల్చుకోకు, 2005లో ఫలితాలు వెలువడిన ఆ సిమ్యులేషన్ వెయ్యి కోట్ల కణాలతో జర్మనీలోని గార్షింగ్‌లో 512 ప్రాసెసర్ల మీద దాదాపు నెల నడిచింది, అందులోనూ ఒక్కో కణం సుమారు వంద కోట్ల సూర్యులంత బరువు. గాడ్జెట్ అనే రెడీమేడ్ ఎన్-బాడీ కోడ్ ఫ్రీగా దొరుకుతుంది గానీ ప్రాజెక్టుకు సొంత మెష్ కోడే రాయి, అడిగితే ప్రతి లైనూ చెప్పగలుగుతావ్. రాత్రి కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి నడపాల్సి రాకుండా, మధ్యమధ్యలో స్థానాలూ వేగాలూ రెండూ ఫైల్లో సేవ్ చేస్తుండు.