టర్బులెన్స్‌లో మంట వేగానికి ఒకే సూత్రం: ఉందా, ఉందనుకుంటున్నామా?

కోడ్‌కూలీ:
1940లో జర్మన్ శాస్త్రవేత్త డామ్‌కోలర్ చెప్పిన మాట మా ల్యాబ్‌లో వేదం. టర్బులెన్స్‌లో, అంటే గాలి గజిబిజిగా పారేటప్పుడు, సుడులు మంట పొరని ముడతలు పెడతాయి, పొర వైశాల్యం ఎన్ని రెట్లయితే మంట వేగం అన్ని రెట్లు. ఆరు నెలలుగా దీంతోనే కుస్తీ పడుతున్నా. ఒక బర్నర్‌కి గుణకం సరిచేస్తే ఇంకో బర్నర్‌కి తేడా కొడుతోంది. నన్నడిగితే ఇది సూత్రం కాదు, సర్దుబాటు.

నీలిమంట:
అంత మాట అనకు తమ్ముడూ. కదలని మీథేన్-గాలి మిశ్రమంలో మంట సెకనుకు 40 సెంటీమీటర్ల లోపే పాకుతుంది, పొర మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. సుడులు అంతకన్నా బాగా పెద్దవైతే మంటని మందం లేని పొర అనుకోవచ్చు. జి సమీకరణం చేసేదదే, గాలి ఎంత మోసుకుపోయిందో, మంట తనంతట తాను ఎంత పాకిందో చూసి పొరని జరుపుతుంది. కెమిస్ట్రీ జోలికి పోదు కాబట్టే లెక్క త్వరగా తేలుతుంది.

కోడ్‌కూలీ:
చిన్న సుడులు పొరలోకి దూరితేనో అన్నా? టర్బులెన్స్ పెంచుతూ పోతే ప్రయోగాల్లో మంట వేగం పెరగడం మందగించి గ్రాఫ్ వంగిపోతుంది, ఇంకా పెంచితే మంటే ఆరిపోతుంది. మన సూత్రమేమో పెరుగుతూనే ఉంటుంది!

ఫ్యానుగది:
హైడ్రోజన్ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. గాలి ఎక్కువైన మిశ్రమంలో దాని లూయిస్ సంఖ్య (వేడి వ్యాపించే జోరుకీ ఇంధనం వ్యాపించే జోరుకీ నిష్పత్తి) ఒకటికన్నా చాలా తక్కువ, అంటే మంట ముందుకి ఉబ్బిన చోట వేడి పక్కకి పోయేదానికన్నా త్వరగా హైడ్రోజన్ వచ్చి చేరుతుంది, అక్కడ ఇంకా జోరుగా కాలుతుంది. వైశాల్యం ఒక్కటే కొలిస్తే ఇది కనబడదు.
సరే, అసలు నువ్వు ఏ వేగాన్ని దేనితో పోలుస్తున్నావు బాబూ? ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలోలాగా ఫ్యాన్లు తిరిగే పాత్రలో గోళంలా పెరిగే మంట వేరు, గొట్టం మూతి మీద నిలబడే బన్సెన్ మంట వేరు. బన్సెన్‌లో కూడా సగటు మంట మీద ఏ గీత దగ్గర, అంటే ఎంత శాతం కాలిన చోట, వైశాల్యం తీసుకున్నారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. లోపలి గీత చిన్నది, కాబట్టి వేగం ఎక్కువ వస్తుంది.

కోడ్‌కూలీ:
నేను పోలుస్తున్న బన్సెన్ ప్రయోగాల పేపర్ ఇప్పుడే తీసి చూశానండీ. వాళ్లు 5 శాతం కాలిన గీత తీసుకున్నారు. నాది 50 శాతం గీత.

నీలిమంట:
ఆరు నెలలా?!

కోడ్‌కూలీ:
గైడ్‌కి చెప్పకండి. కానీ గ్రాఫ్ వంగడం మాత్రం ఈ గీత వల్ల కాదన్నా, ఆ మాట మీద ఉన్నా.