గళ్ళ రెండుసార్లు నెగెటివ్, ఎక్స్‌రేలో మచ్చ: బ్రాంకోస్కోపీకి పోవాలా?

హన్మకొండ_చిన్నోడు:
బాపుకు 58. కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీలో ఇరవై ఏళ్లు చేశాడు. మూడు నెలల నుంచి దగ్గు, పొద్దుగూకితే జ్వరం, తొమ్మిది కిలోలు తగ్గాడు. టీబీ ఉందేమోనని చేసిన గళ్ళ పరీక్ష రెండుసార్లు నెగెటివ్, క్రిమి డీఎన్‌ఏను పట్టే మెషిన్ పరీక్ష సీబీనాట్ కూడా నెగెటివ్, ఎక్స్‌రేలో మాత్రం కుడివైపు పైన మచ్చ. డాక్టర్ బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి పైపు వేసి చూసేది) అంటున్నారు. గొంతులో పైపు అనగానే బాపు వద్దంటే వద్దంటున్నాడు. బయట ల్యాబ్‌వాళ్లేమో రక్తంతో గోల్డ్ టెస్ట్ చేయించుకోమంటున్నారు. ఏది ముందు? క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌కు నిజంగా రెండు నెలలా?

జమ్మికుంట_అక్క:
గోల్డ్ టెస్ట్ మాట ఎత్తకు తమ్మీ. మా ఆయనకు పాజిటివ్ వస్తే ఇంటిల్లిపాదీ ఏడ్చాం, చివరికి తేలింది ఫంగస్. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని చెబుతుందంతే, ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పదు. ఆ పైసలు దాచుకో.

మైక్రోస్కోప్_అన్న:
22 ఏళ్లుగా ల్యాబ్‌లో గళ్ళ పరీక్షలు చేయడమే నా పని. ముందు గళ్ళ సంగతి చూడండి, నాకొచ్చే డబ్బాల్లో సగం ఉమ్మే. స్లయిడ్ మీద క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరులో 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి, సీబీనాట్‌కు దాదాపు 130 చాలు, అందులోనే అల్ట్రా అనే రకం అయితే 16. ఉమ్మిలో ఏం దొరుకుతుంది? జనాలకు చెబితే వినరు.

రామగుండం_కోడలు:
చెప్పేదెవరు? మా మామయ్యకు కిటికీలోంచి డబ్బా ఇచ్చి పక్కకు పోయి ఉమ్మి తెమ్మన్నారు. పొద్దున పదింటికి, టిఫిన్ చేసి పాన్ నమిలి వచ్చిన మనిషి. డబ్బా అడుగున ఎర్రటి నీళ్లు, పైన నురగ. అదే తీసుకుని అదే పరీక్ష చేసి నెగెటివ్ రాసిచ్చారు. ఆ కాగితం చూసి ఊరి ఆర్‌ఎంపీ లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు, పది రోజులు తగ్గినట్టే తగ్గింది, నాలుగు నెలలకు రక్తం కక్కాడు.

మైక్రోస్కోప్_అన్న:
వెనక్కి పంపితే కౌంటర్ దగ్గర గొడవ చేస్తారమ్మా. ఒక్క నెగెటివ్ రాయడానికి స్లయిడ్ మీద వంద చోట్ల వెతికి చూడాలి, మా కళ్లు మీకేం తెలుసు.

రామగుండం_కోడలు:
గొడవైతే కానివ్వండి! శాంపిల్ బాగాలేదని రాయండి, నెగెటివ్ అని రాయకండి. ఆ రెండింటికీ ఉన్న తేడా మా ఇంట్లో ఒక మనిషి.

ములుగు_మాస్టారు:
లివోఫ్లాక్సాసిన్ టీబీని కొంత అణిచిపెడుతుంది, దాంతో పరీక్షలకు దొరకదు. చిన్నోడా, బాపుకు ఎవరైనా వేశారా? వేస్తే డాక్టర్‌కు చెప్పు. పిల్లల సంగతి ఇంకా కష్టం, గళ్ళ మింగేస్తారు. మా మనవరాలికి పరగడుపున ముక్కులోంచి సన్న గొట్టం వేసి కడుపులో నీళ్లు తీశారు, సీబీనాట్ లాంటిదే అయిన ట్రూనాట్‌లో క్రిమి దొరికింది. గోవాలో తయారయ్యే మన మెషినే అది.

కాజీపేట_రైలు:
టీబీ రోగుల తిండికి సర్కారు ఇచ్చే నిక్షయ్ డబ్బులు నెలకు 1000 ఎవరికైనా పడుతున్నాయా? నాకు రెండు నెలలుగా లేవు.

ఎనుమాముల_మిర్చి:
సీబీనాట్‌నూ గుడ్డిగా నమ్మొద్దు. 2022లో టీబీ మందుల కోర్సు పూర్తి చేశాను, పోయినేడు దగ్గొస్తే అందులో ‘ట్రేస్’, అంటే క్రిమి జాడ లేశమాత్రం ఉందని వచ్చింది. మళ్లీ మందులు మొదలుపెట్టారు, కళ్లు పచ్చబడ్డాయి. తీరా కల్చర్ నెగెటివ్.

మైక్రోస్కోప్_అన్న:
మెషిన్ తప్పు కాదది. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పట్టేస్తుంది, పాత రోగులకు ఇలా వస్తుంటుంది. కల్చర్‌లో బతికున్నవే పెరుగుతాయి.

ఎనుమాముల_మిర్చి:
తప్పెవరిదైనా లివర్ నాది కదా అన్నా.

హన్మకొండ_చిన్నోడు:
అందరికీ దండం. గోల్డ్ వదిలేస్తున్నా. బ్రాంకోస్కోపీ చేయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి, బాపుకు చదివి వినిపిస్తా.

భూపాలపల్లి_గని:
నేను చేయించుకున్నా. గొంతుకు స్ప్రే కొట్టి మొద్దుబారుస్తారు, దగ్గు ఆగదు, భయమేస్తుంది, కానీ నొప్పి లేదు. సెలైన్ లోపలికి వదిలి మళ్లీ లాగుతారు. ఆ నీళ్లను సీబీనాట్‌కూ కల్చర్‌కూ రెండింటికీ పంపమని అడుగు. మర్నాడు పొద్దున పడే గళ్ళ కూడా పారేయకు, అందులోనూ దొరకొచ్చు. రాతి దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ ఎక్కువగా వస్తుంది, ఎక్స్‌రేలో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. క్వారీ పని సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పు.

మైక్రోస్కోప్_అన్న:
ద్రవ కల్చర్ నెగెటివ్ అనడానికి 42 రోజులు ఆగాలి, క్రిమి ఉంటే రెండు మూడు వారాల్లోనే తేలొచ్చు. మందులు మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వాలి. పైపుకు ముందు 3 శాతం ఉప్పునీటి నెబులైజర్ పెట్టి గళ్ళ తీయొచ్చా అని అడుగు. రేపు ఒకసారి ఇంట్లోనే సరిగ్గా తీసి చూడు: నిద్ర లేవగానే ఉత్త నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీ లోపలి నుంచి దగ్గాలి. చిక్కగా, కనీసం 2 మిల్లీలీటర్లు. కోడలమ్మా, మీ మామయ్య ఇప్పుడెలా ఉన్నారు?

రామగుండం_కోడలు:
ఐదో నెల మందులు నడుస్తున్నాయి. అన్నం తింటున్నాడు.

హన్మకొండ_చిన్నోడు:
బాపు ఇప్పుడే పడుకున్నాడు. డబ్బా, చెంబెడు నీళ్లు మంచం పక్కనే పెట్టాను. ఐదింటికి లేపుతా.